పల్లెటూళ్ళో నెట్ స్లోగా వస్తోందా? ముందు ఎక్కడ స్లోనో పట్టుకోండి

తెనాలి, దుగ్గిరాల, కొల్లిపర వైపు ఊళ్ళకి వెళ్ళినా, అటు సత్తెనపల్లి, పిడుగురాళ్ళ వైపు వెళ్ళినా, నెట్ ఎలా ఉందని అడిగితే వచ్చే జవాబు ఒక్కటే: "స్లోగా వస్తోందండీ". నెలనెలా డబ్బులు కడుతూనే ఉంటారు, వీడియో మాత్రం తిరుగుతూనే ఉంటుంది. కేబుల్ ఆఫీసుకి ఫోన్ చేస్తే బాక్సు ఒకసారి ఆపి ఆన్ చెయ్యమంటారు, చేస్తే కాసేపు బాగున్నట్టే ఉండి మళ్ళీ మొదటికొస్తుంది. ఊళ్ళో ఉండి హైదరాబాద్ ఆఫీసు పని చేసుకునే కుర్రాళ్ళకి, అమెరికాలో ఉన్న మనవళ్ళని రోజూ వీడియోలో చూసుకునే పెద్దవాళ్ళకి ఇది చిన్న ఇబ్బంది కాదు.

ఇందులో ఆపరేటరు తప్పు ఉన్న ఇళ్ళు చాలానే ఉన్నాయి, లేని ఇళ్ళు కూడా తక్కువేం కాదు. అసలు చిక్కు ఏమిటంటే "స్లో" అన్న ఒక్క మాట పట్టుకుని ఎవరూ ఏమీ బాగు చెయ్యలేరు. స్లో ఎక్కడ? ఇంట్లో వైఫైలోనా, బాక్సు నుంచి వీధి స్తంభం దాకా ఉన్న ఫైబర్ వైరులోనా, స్తంభం దాటాక ఆపరేటరు దగ్గరా? మూడూ మూడు వేరే జబ్బులు, మందులు కూడా వేరు. ఇది తేల్చుకోకుండా కొత్త రూటర్ కొన్నా, పెద్ద ప్లాన్‌కి మారినా డబ్బులు వృథా. తేల్చుకోవడానికి పెద్ద చదువు అక్కర్లేదు. ఒక ఫోను, దొరికితే ఒక ల్యాప్‌టాప్, ఒక ల్యాన్ కేబుల్, రాసుకోవడానికి ఒక కాగితం చాలు.

ముందు లెక్క సరిచూసుకోండి

ప్లాన్ 40 ఎంబీపీఎస్ అని ఉంటుంది, ఏదైనా డౌన్‌లోడ్ పెడితే సెకనుకి 5 ఎంబీ అని చూపిస్తుంది, వెంటనే మోసం చేశారనుకుంటాం. మోసం కాదు. కంపెనీ స్పీడుని బిట్లలో చెబుతుంది, డౌన్‌లోడ్ దగ్గర కనపడేది బైట్లలో, ఒక బైటుకి 8 బిట్లు. 40ని 8తో భాగిస్తే 5. కాబట్టి సెకనుకి 5 ఎంబీ వస్తుంటే మీకు రావాల్సింది పూర్తిగా వస్తున్నట్టే.

రెండోది, అన్‌లిమిటెడ్ అన్న ప్లాన్లకి కూడా చాలావాటికి లోపల ఒక హద్దు ఉంటుంది. నెలకి 3300 జీబీ అని తరచూ కనపడుతుంది, చిన్న ప్లాన్లలో ఇంకా తక్కువ. అది దాటితే స్పీడు ఒకేసారి పడిపోయి ఆ బిల్లు తేదీ దాకా అలాగే ఉంటుంది. నెలాఖర్లోనే స్లో అవుతోంది, కొత్త నెల రాగానే బాగవుతోంది అంటే వైర్లూ బాక్సులూ చూడకండి, కంపెనీ యాప్‌లో వాడకం ఎంతయిందో చూడండి.

ఇక ఎంత స్పీడు కావాలి అన్నది. ఒక టీవీలో హెచ్‌డీ వీడియో ఆగకుండా రావడానికి 5 ఎంబీపీఎస్ చాలు, 4కే వీడియోకి 15 నుంచి 20 కావాలి. నలుగురున్న ఇంటికి నిజంగా 40 వస్తే ఏ లోటూ ఉండదు. 40 ప్లాన్‌లో వీడియో ఆగిపోతుంటే 100 ప్లాన్ తీసుకున్నా ఆగిపోతుంది, ఎందుకంటే ఆగడానికి కారణం ప్లాన్ కాదు. ప్లాన్ మార్చమని ఎవరు చెప్పినా, కింద చెప్పిన కొలత తీసుకున్నాకే ఆలోచించండి.

వైఫై లేకుండా కొలవండి

మొత్తంలో ముఖ్యమైన పని ఇదే. ఫైబర్ బాక్సు వెనక ల్యాన్ పోర్టులు ఉంటాయి, అందులోంచి ఒక ల్యాన్ కేబుల్ నేరుగా ల్యాప్‌టాప్‌కి పెట్టండి. ల్యాప్‌టాప్‌లో వైఫై ఆపెయ్యండి. ఇంట్లో మిగతా ఫోన్లు, టీవీ, కెమెరాలు అన్నీ నెట్ నుంచి తీసెయ్యండి, లేకపోతే కొలతలో వాళ్ళ వాడకం కలిసిపోతుంది. అప్పుడు నెట్ స్పీడు కొలిచే సైట్లు రెండు, స్పీడ్‌టెస్ట్ ఒకసారి, ఫాస్ట్ డాట్ కామ్ ఒకసారి చెయ్యండి. రెండూ ఎందుకంటే స్పీడ్‌టెస్ట్ మామూలుగా మీకు దగ్గర్లో ఉన్న సర్వర్‌నే ఎంచుకుంటుంది, ఒక్కోసారి అది మీ కంపెనీ సొంత సర్వరే అయి ఉంటుంది, అక్కడిదాకా దారి ఎప్పుడూ ఖాళీగానే ఉంటుంది. సర్వర్ మార్చుకునే వీలుంది కాబట్టి వేరే కంపెనీది, హైదరాబాద్‌దో చెన్నైదో పెట్టి మళ్ళీ చూడండి. ఫాస్ట్ డాట్ కామ్ అయితే నెట్‌ఫ్లిక్స్ సర్వర్ల నుంచి కొలుస్తుంది, రోజూ చూసే వీడియోలు ఎలా వస్తాయో దాన్ని బట్టి అంచనా దొరుకుతుంది.

ఒక్కసారి చేసి వదిలేస్తే లాభం లేదు. పొద్దున్నే ఊరు లేవకముందు ఒకటి, మధ్యాహ్నం ఒకటి, రాత్రి తొమ్మిదింటికి ఒకటి, వరసగా కొన్ని రోజులు చేసి కాగితం మీద టైముతో సహా రాయండి. ఈ కాగితమే తర్వాత మీ తరఫున మాట్లాడుతుంది.

ల్యాప్‌టాప్ లేదంటే ఫోనుతోనే చెయ్యొచ్చు, కానీ బాక్సుకి రెండు మూడు మీటర్ల దూరంలో, మధ్యలో గోడ లేకుండా నిలబడి, 5 గిగాహెర్ట్జ్ వైఫైకి (ఇదేమిటో కింద వైఫై దగ్గర చెప్పాను) కలిపి, మొబైల్ డేటా ఆపేసి చెయ్యండి. డేటా ఆపడం మర్చిపోతే వైఫై బలహీనంగా ఉన్నప్పుడు ఫోను దానంతటదే సిమ్ మీదకి వెళ్ళిపోతుంది, మీరు కొలిచేది టవర్ స్పీడు అవుతుంది. పాత ల్యాప్‌టాప్‌లో ల్యాన్ పోర్టు 100 ఎంబీపీఎస్‌దే అయితే 95 దగ్గర ఆగిపోతుంది, అది లైను లోపం కాదు.

ఇప్పుడు కాగితం చూడండి. వైరుతో మూడు పూటలా ప్లాన్‌కి దగ్గరగా వస్తూ, పడకగదిలో ఫోనుకి మాత్రం రాకపోతే జబ్బు వైఫైది. వైరుతో కూడా ఎప్పుడు చూసినా తక్కువే వస్తుంటే, లేదా నెట్ తెగి తెగి వస్తుంటే ఫైబర్ వైరు, బాక్సు, అడాప్టరు చూడాలి. పొద్దున బాగా వచ్చి రాత్రికి పడిపోతుంటే అది ఆపరేటరు వెనక రద్దీ.

వైఫై: ఎక్కువ ఇళ్ళల్లో దొంగ ఇక్కడే ఉంటాడు

కనెక్షన్ ఇవ్వడానికి వచ్చిన అబ్బాయి వైరు ఎక్కడ లోపలికి వస్తే అక్కడే బాక్సు పెట్టి వెళ్ళిపోతాడు. అది వసారాలో మూలైనా కావచ్చు, హాల్లో టీవీ వెనకైనా కావచ్చు. మన ఊళ్ళ ఇళ్ళు చూస్తే పాత ఇళ్ళకి మందపాటి గోడలు, కొత్త డాబాలకి ఇనుము నిండిన కాంక్రీటు, మధ్యలో ఇనప బీరువా, పెద్ద అద్దం, కిటికీలకి ఇనప గ్రిల్లు. ఇనుము, అద్దం వెనకున్న పూత, నీళ్ళ ట్యాంకు వైఫైని బాగా ఆపేస్తాయి. రెండు గోడలు, ఒక బీరువా దాటి పెరటి గదిలో సిగ్నల్ రావాలంటే ఏ రూటరుకైనా కష్టమే. కాబట్టి ఖర్చు లేని మొదటి పని బాక్సుని ఇంటి మధ్యకి, మనిషి తల ఎత్తులో, బీరువాకి టీవీకి దూరంగా, ఎదురుగా అడ్డు లేకుండా పెట్టడం. ఫైబర్ వైరు చాలకపోతే దాన్ని లాగకండి, బాక్సుని ఉన్నచోటే ఉంచి అక్కడి నుంచి ల్యాన్ కేబుల్ వేసి ఇంటి మధ్యలో వేరే రూటర్ పెట్టుకోవచ్చు.

బాక్సులో రెండు రకాల వైఫై ఉంటుంది. 5 గిగాహెర్ట్జ్ వేగంగా ఉంటుంది కానీ గోడ దాటితే నీరసపడుతుంది. 2.4 దూరం వెళ్తుంది, అయితే నిజంగా వచ్చే స్పీడు చాలాసార్లు 30 నుంచి 60 మధ్యే. చాలా బాక్సులకి రెండిటికీ ఒకే పేరు పెట్టి ఉంటుంది, ఫోను ఏది పట్టుకుందో మనకి తెలియదు. చాలా బాక్సులకి బ్రౌజర్లో 192.168.1.1 అని కొడితే బాక్సు పేజీ వస్తుంది, పాస్‌వర్డ్ మామూలుగా బాక్సు అడుగున స్టిక్కర్ మీద ఉంటుంది. అక్కడ రెండిటికీ వేరే పేర్లు పెట్టండి. టీవీ, ల్యాప్‌టాప్ 5కి, పెరట్లో తిరిగే ఫోన్లు, కెమెరాలు 2.4కి. అదే పేజీలో 2.4కి ఛానెల్ 1, 6, 11లో ఏదో ఒకటి పెట్టి వెడల్పు 20 మెగాహెర్ట్జ్ ఉంచండి, ఎందుకంటే ఒకదాని మీద ఒకటి పడనివి ఆ మూడే. ఈ విషయంలో పల్లెటూరికి ఒక మేలుంది: విజయవాడ అపార్ట్‌మెంట్‌లో చుట్టూ ముప్పై వైఫైలు కొట్టుకుంటుంటాయి, ఊళ్ళో ఇళ్ళు దూరంగా ఉంటాయి కాబట్టి 2.4 కూడా శుభ్రంగానే పనిచేస్తుంది. కాకపోతే పక్కన మైక్రోవేవ్ ఓవెన్ ఉంటే అది నడిచినంతసేపూ 2.4 గందరగోళంగా ఉంటుంది, అదీ ఇదీ ఒకే తరంగాల మీద పనిచేస్తాయి.

పై అంతస్తుకి రావట్లేదని చాలామంది ప్లగ్గులో పెట్టే రిపీటర్ కొంటారు. నేనైతే వద్దంటాను. మామూలు రిపీటర్ ఒకే తరంగం మీద వింటూ, దాని మీదే మళ్ళీ పంపుతూ ఉంటుంది, స్పీడు దాదాపు సగానికి పడుతుంది. పైగా దాన్ని సిగ్నల్ అసలే రాని గదిలో పెడతారు, రానిదాన్ని అది మాత్రం ఏం పంపుతుంది? దాని బదులు మెట్ల పక్కనుంచో కిటికీ లోంచో క్యాట్ 6 రకం ల్యాన్ కేబుల్ పైకి లాగి పైన ఇంకో రూటర్ పెట్టుకుంటే ఏళ్ళ తరబడి చూసుకోనక్కర్లేదు. కేబుల్ ఎండకీ వానకీ పడేచోట బయట వాడే రకం కొనండి, మామూలుది గుంటూరు ఎండకి పైతొడుగు పెళుసెక్కి పగిలిపోతుంది. చివర్ల క్లిప్పు వేసేటప్పుడు ఎనిమిది తీగలూ కలిసేలా చూసుకోండి. నాలుగు తీగలతో కూడా నెట్ వస్తుంది, కానీ 100 ఎంబీపీఎస్ దాటదు.

ఇంకో విషయం ఎవరూ పట్టించుకోరు: అప్‌లోడ్. సంక్రాంతికి పిల్లలంతా ఊరికి దిగారనుకోండి, పగలంతా ముగ్గులవీ కోడిపందేలవీ వీడియోలు తీసి, రాత్రి ఫోన్లు ఛార్జింగ్‌లో పెట్టగానే ప్రతి ఫోనూ గూగుల్ ఫోటోస్‌లోకి బ్యాకప్ మొదలుపెడుతుంది. కొన్ని ప్లాన్లలో అప్‌లోడ్ డౌన్‌లోడ్ కంటే తక్కువ ఉంటుంది, అది నిండిపోతే మీరు అడిగిన వీడియోకి సంబంధించిన చిన్న చిన్న కబుర్లు కూడా ఆ వరసలో వెనక నిలబడాలి, దాంతో డౌన్‌లోడ్ కూడా స్లో అయిపోతుంది. పొలం దగ్గరా ఇంటి దగ్గరా పెట్టే సీసీ కెమెరాలు క్లౌడ్‌లోకి ఎప్పుడూ పంపే రకమైతే ఒక్కోటి 2 నుంచి 4 ఎంబీపీఎస్ అప్‌లోడ్ రాత్రీ పగలూ తినేస్తుంది. కెమెరాలో మెమరీ కార్డు వేసుకుని అందులోనే రికార్డయ్యేలా పెట్టుకోండి. ఫోన్ల బ్యాకప్ ఆపలేకపోయినా మీటింగు టైములో మాత్రం ఆపండి. బాక్సు పేజీలో ఎవరెవరు కలిసి ఉన్నారో జాబితా కనపడుతుంది. తెలియని ఫోన్లు కనపడితే పాస్‌వర్డ్ మార్చెయ్యండి.

బాక్సు మీద లైట్లు, వెనక ఫైబర్ వైరు

వైరుతో కొలిచినా బాగా రావట్లేదంటే ఇప్పుడు బాక్సు ముందు కూర్చోండి. పీఓఎన్ అన్న లైటు పచ్చగా నిలకడగా వెలగాలి. అది మిణుకుమంటుంటే బాక్సు ఆపరేటరు యంత్రంతో ఇంకా కలవలేదని అర్థం. ఎల్ఓఎస్ అన్నది వెలగకూడదు, ఎర్రగా కొట్టుకుంటుంటే వైరులో కాంతి బాక్సు దాకా రావట్లేదు, ఇక మీరు ఎన్నిసార్లు ఆపి ఆన్ చేసినా ఉపయోగం లేదు, వైరు చూడాల్సిందే.

లైట్లు చెప్పని సంగతి ఒక అంకె చెబుతుంది. బాక్సు పేజీలో ఆప్టికల్ పవర్ అనో, పీఓఎన్ ఇన్ఫర్మేషన్ అనో ఉన్నచోట ఆర్ఎక్స్ పవర్, అంటే బాక్సు దాకా వచ్చే కాంతి ఎంతుందో, చూడండి. అది మైనస్‌లో, డీబీఎం అనే కొలతలో ఉంటుంది, మైనస్ పక్కన అంకె పెరిగేకొద్దీ కాంతి తగ్గినట్టు. మైనస్ 15 నుంచి మైనస్ 24 దాకా ఉంటే నిశ్చింతగా ఉండొచ్చు. మైనస్ 25, 26 అయితే అంచు మీద ఉన్నట్టు. ఇళ్ళకి ఇచ్చే జీపాన్ (ఒకే ఫైబర్‌ని చాలా ఇళ్ళకి పంచే పద్ధతి) బాక్సుల్లో ఎక్కువవాటికి హద్దు మైనస్ 27, 28 దగ్గరే, అది దాటితే తెగిపోవడం మొదలు. ఈ లెక్కలో 3 తగ్గిందంటే కాంతి సగమైపోయినట్టు, 10 తగ్గితే పదో వంతు మిగిలినట్టు. ఇక్కడ ఒకటి గుర్తుంచుకోండి: ఫైబర్‌లో కాంతి తగ్గితే స్పీడు కూడా దాని వెంట మెల్లగా తగ్గుతూ రాదు. హద్దు దాకా బాగానే ఉండి, హద్దు దగ్గర తప్పులు మొదలై, నెట్ పోతూ వస్తూ ఉంటుంది. వీడియో కాల్ మధ్యలో బొమ్మ ఆగిపోవడం, రెండు నిమిషాలకి మళ్ళీ రావడం దీని లక్షణం.

కొల్లిపర దగ్గర మా బాబాయి వాళ్ళింట్లో అదే జరిగేది. ఆపరేటరు మనిషి వచ్చి రూటర్ పాతదయింది, మార్చాలన్నాడు. పేజీ తెరిచి చూస్తే మైనస్ 28 చూపిస్తోంది. టీవీ స్టాండు వెనక మిగిలిన ఫైబర్ వైరుని నాలుగు వేళ్ళకి చుట్టి, రబ్బరు బ్యాండు బిగించి, స్టాండుకీ గోడకీ మధ్య నొక్కి పెట్టారు. ఒక మడత దగ్గర వైరు దాదాపు లంబకోణంలో విరిగినట్టు వంగి ఉంది. బ్యాండు తీసి, మడత విప్పి, సాసరంత చుట్టలుగా వదులుగా చుట్టి గోడకి తగిలిస్తే మైనస్ 22కి వచ్చింది. ఆ తర్వాత కాల్ తెగలేదు. ఫైబర్ అంటే గాజు పోగు, వంపు మరీ బిగుతైతే కాంతి ఆ మలుపులో బయటికి కారిపోతుంది. మామూలు ఫైబర్‌కి చుట్ట వ్యాసం ఆరు సెంటీమీటర్లకి తగ్గకుండా చూడండి, ఇంట్లో వాడే కొత్త రకాలు ఇంకా వంగినా తట్టుకుంటాయి కానీ మీ ఇంట్లో ఏది వేశారో బయటికి తెలియదు.

బాక్సులోకి దూరే కొన కూడా చూడండి, పీకకుండానే. చాలా బాక్సులకి ఆకుపచ్చ కొన ఉంటుంది, కొన్నిటికి నీలం. ఆకుపచ్చ కొన లోపల కొంచెం ఏటవాలుగా కోసి ఉంటుంది, నీలం కొన అలా ఉండదు. ఆకుపచ్చని తీసుకెళ్ళి నీలం పోర్టులో పెడితే దూరుతుంది, పనిచేసినట్టు కూడా ఉంటుంది, కానీ కాంతి చాలా పోతుంది. హడావుడిలో చేతికి దొరికిన ముక్క కలిపేసి వెళ్ళిన ఇళ్ళు ఉన్నాయి. కొనని బట్టతో తుడవద్దు, కంటి ముందు పెట్టుకుని లోపలికి చూడొద్దు. అందులో వచ్చే లేజర్ కంటికి కనపడదు, అయినా కంటికి హానే.

ఇక ఇంటి బయట. మన దగ్గర ఫైబర్ ఎక్కువగా భూమిలో కాదు, కరెంటు స్తంభాల మీద వెళ్తుంది. 2017 డిసెంబరులో అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించిన ఏపీ ఫైబర్ గ్రిడ్ కూడా స్తంభాల మీదే ఊళ్ళకి చేరింది, ఊళ్ళో కేబుల్ ఆపరేటర్ల ద్వారా ఇళ్ళకి వచ్చింది. త్వరగా, తక్కువ ఖర్చులో ఊరూరికీ నెట్ వచ్చిందంటే కారణం అదే. ఇబ్బంది కూడా అక్కడే ఉంది. వరి కోతలయ్యాక గడ్డి ట్రాక్టరు ఎత్తుగా లోడు వేసుకుని వీధిలోకి వస్తే కిందికి జారిన వైరు గడ్డికి తగులుకుంటుంది. పల్నాడు వైపు పత్తి లోడు, మిర్చి టిక్కీల లారీ కూడా అంతే. వైరు తెగితే తెలుస్తుంది, ఆ రోజే అతుకుతారు. తెగకుండా లాగుడు పడి లోపల పోగు నలిగిందంటే అదే ఏళ్ళ తరబడి సతాయిస్తుంది. ఉడుతలు, ఎలుకలు కొరికినా ఇదే సంగతి. 2023 డిసెంబరులో బాపట్ల దగ్గర తీరం దాటిన మిచౌంగ్ లాంటి తుఫాను వచ్చిందంటే స్తంభాలు ఒరిగి వైర్లన్నీ కొత్తగా అతకాల్సి వస్తుంది. ఆ అతుకు మెషీన్‌తో వేస్తే నష్టం 0.1 డీబీ లోపే ఉంటుంది. చేత్తో క్లిప్పు నొక్కి టేపు చుట్టి వదిలేస్తే ఒక్కో అతుకు దగ్గరా అంతకు ఎన్నో రెట్లు పోతుంది, వాన నీళ్ళు దిగితే ఇంకా పోతుంది. వాన పడ్డప్పుడల్లా నెట్ పాడవుతోందంటే బయట డబ్బాలో అతుకు చూడమని గట్టిగా చెప్పండి.

అందుకే నెట్ బాగున్న రోజే ఆ డీబీఎం అంకె ఫొటో తీసి పెట్టుకోండి. పాడైన రోజు మళ్ళీ తీసి పక్కపక్కన పెడితే వాదన అక్కర్లేదు.

కరెంటు సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. బాక్సుకి వచ్చే అడాప్టరు చాలావరకు 12 వోల్టులది. రెండు మూడేళ్ళు వాడాక, పైగా ఊళ్ళో వోల్టేజీ పడుతూ లేస్తూ ఉంటే, అది నీరసించి బాక్సు దానంతటదే ఆగి మొదలవుతుంటుంది, మనం నెట్ పోయిందనుకుంటాం. అన్ని లైట్లూ ఒకేసారి ఆరి వెలుగుతుంటే అడాప్టరు మార్చండి, అదే వోల్టులు, అంతే లేదా కాస్త ఎక్కువ ఆంపియర్లు ఉన్నది. 12 వోల్టుల చిన్న యూపీఎస్ పెట్టుకుంటే కరెంటు పోయినా బాక్సు వెలుగుతుంది. అది పెట్టాక కూడా కరెంటు పోగానే ఎల్ఓఎస్ ఎర్రబడుతోందంటే మీ ఇంట్లో లోపం లేదు, ఆపరేటరు యంత్రానికి బ్యాటరీ లేదు. మధ్యలో స్తంభాల మీద ఉండే స్ప్లిటర్లకి, అంటే ఒక ఫైబర్‌ని ఇళ్ళకి పంచే డబ్బాలకి, కరెంటే అవసరం లేదు కాబట్టి అనుమానం నేరుగా అక్కడికే పోవాలి.

రాత్రి తొమ్మిదింటికే స్లో అయితే

డెల్టా రైతులకి ఇది చెప్పక్కర్లేదు: కాలువ మీద పైవాళ్ళంతా ఒకేసారి మోటార్లు వేస్తే చివరి ఆయకట్టుకి నీళ్ళు అందవు. జీపాన్‌లో ఒక ఫైబర్ మీద 64 ఇళ్ళ దాకా, కొన్నిచోట్ల 128 దాకా, దాదాపు 2.5 జీబీపీఎస్ పంచుకుంటాయి. అందరూ ఒకేసారి వాడరు కాబట్టి ఆ ముక్క మామూలుగా సరిపోతుంది. కొరత వచ్చేది దాని వెనక, ఆపరేటరు పైనుంచి కొనుక్కునే లైనులో. ఇళ్ళు పెరిగాయి, లైను పెంచలేదు, రాత్రి ఐపీఎల్ మ్యాచ్ మొదలైంది, అంతే.

దీన్ని పట్టుకోవడానికి పింగ్ చూడాలి. ల్యాప్‌టాప్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి పింగ్ అని ఇంగ్లిష్‌లో కొట్టి 192.168.1.1 ఇవ్వండి, అది మీ బాక్సు దాకా ఎంతసేపు పడుతుందో చెబుతుంది. వైరుతో అయితే ఒకటి రెండు మిల్లీసెకన్లే రావాలి. తర్వాత 8.8.8.8కి పింగ్ చెయ్యండి, అది గూగుల్ సర్వర్. పొద్దున 20, 30 వచ్చి, రాత్రి ఇంట్లో ఎవరూ వాడకపోయినా 150, 200 అవుతూ మధ్యలో టైమ్డ్ అవుట్ అని వస్తుంటే, అదే టైములో బాక్సు దాకా పింగ్ ఒకటి రెండే ఉంటే, రద్దీ బయటే. ఇంట్లో మీరు చెయ్యగలిగింది ఏమీ లేదు, రూటర్ కొనకండి. మీ వీధిలో అదే ఆపరేటరు ఉన్న ఇంకో నాలుగు ఇళ్ళల్లో కూడా రాత్రి కొలతలు తీయించండి. ఒక ఇంటి ఫిర్యాదుకీ ఐదిళ్ళ ఫిర్యాదుకీ ఆపరేటరు దగ్గర చాలా తేడా ఉంటుంది.

పేజీ తెరవడానికి ముందు మూడు నాలుగు సెకన్లు ఆగి, తెరిచాక మాత్రం గబగబా వస్తుంటే అది డీఎన్ఎస్, అంటే సైటు పేరుని అంకెల చిరునామాగా మార్చే సర్వర్, ఆలస్యం. బాక్సు పేజీలో గానీ ఫోనులో గానీ డీఎన్ఎస్ 8.8.8.8 లేదా 1.1.1.1 పెట్టి చూడండి. ఆ నత్తి పోతుంది, డౌన్‌లోడ్ స్పీడు మాత్రం దీనివల్ల పెరగదు.

ఫైబర్ రాని ఊరు, పొలంలో ఇల్లు

ఇక్కడ సిమ్ రూటరో, కంపెనీలు వైరు లేకుండా టవర్ నుంచి ఇచ్చే ఎయిర్‌ఫైబరో దిక్కు. ఫోనులో కనపడే గీతల్ని నమ్మొద్దు. సిగ్నల్ కొలిచే యాప్ ఒకటి వేసుకుని రెండు అంకెలు చూడండి. ఆర్ఎస్ఆర్‌పీ, అంటే సిగ్నల్ బలం, మైనస్ 90 కంటే సున్నా వైపు (మైనస్ 80 లాగా) ఉంటే బాగున్నట్టు, మైనస్ 110 దగ్గరైతే చాలా బలహీనం. దానికంటే ముఖ్యం ఎస్ఐఎన్ఆర్, అంటే సిగ్నల్ ఎంత శుభ్రంగా ఉందన్నది: 20 పైన ఉంటే చాలా బాగు, సున్నా దగ్గరైతే గీతలు నిండుగా ఉన్నా నెట్ కదలదు. ఫోను పట్టుకుని ఇల్లంతా, డాబా మీద కూడా నెమ్మదిగా తిరిగి ఈ రెండూ బాగున్న చోటు పట్టుకోండి, టవర్ వైపు కిటికీ దగ్గర చాలాసార్లు దొరుకుతుంది. రేకుల షెడ్డు లోపల పెట్టకండి, రేకు సిగ్నల్‌ని అడ్డుకుంటుంది. ఎదురుగా దట్టమైన మామిడితోట ఉంటే, అందులోనూ వాన పడి ఆకులు తడిసినప్పుడు, సిగ్నల్ ఇంకా తగ్గుతుంది. అలాంటిచోట ఎత్తు పెంచడమే మార్గం.

డాబా మీద పెట్టేటట్టయితే రూటర్‌ని ఎండలో వదలొద్దు. రెంటచింతల వైపు వేసవిలో 45 డిగ్రీలు దాటే రోజులుంటాయి, ఎండలో ప్లాస్టిక్ పెట్టెలోపల ఇంకా ఎక్కువ, వేడెక్కితే రూటర్ దానంతటదే నెమ్మదిస్తుంది, ఆగిపోతుంది కూడా. బయట వాడే యాంటెన్నా మాత్రమే పైన పెట్టి, రూటర్ కింద గదిలో నీడలో ఉంచండి, మధ్య వైరు ఎంత పొట్టిగా ఉంటే అంత మంచిది, పొడుగు వైరు తెచ్చిన సిగ్నల్‌ని అదే తినేస్తుంది. ఏ కంపెనీ సిమ్ వెయ్యాలన్నది ఊరిని బట్టి ఉంటుంది, కాబట్టి రూటర్ కొనకముందే పక్కింటివాళ్ళ వేర్వేరు సిమ్‌లతో మీ ఇంట్లోనే రాత్రి పూట కొలిచి తేల్చుకోండి. పగలు కొలిచి కొంటే రాత్రి బాధపడతారు.

ఫిర్యాదు ఎలా చెప్పాలి

"నెట్ స్లోగా ఉంది అన్నా" అని కాకుండా ఇలా పంపండి: "ఇంట్లో అన్నీ తీసేసి ల్యాన్ వైరుతో చూశాను. ఏ పూట చూసినా నెట్ తెగి తెగి వస్తోంది. ఆర్ఎక్స్ పవర్ మైనస్ 27, నెల క్రితం మైనస్ 21 ఉండేది. ఫొటోలు పంపుతున్నాను, బయట అతుకు చూడండి." ఇలాంటి మెసేజ్ వస్తే ఎవరూ బాక్సు ఆపి ఆన్ చెయ్యమనరు. ఊళ్ళో ఆపరేటరుకి చెప్పడంతో ఆగకుండా కంపెనీ కస్టమర్ కేర్‌లో కూడా ఫిర్యాదు పెట్టి డాకెట్ నంబరు రాసుకోండి. ఆపరేటరుతో మొహమాటం ఉంటుంది, రోజూ ఎదురుపడే మనిషే, నిజమే. కానీ ఆ నంబరు లేకపోతే మీరు ఫిర్యాదు చేసినట్టే లెక్కలోకి రాదు.

పెద్ద కంపెనీ కనెక్షన్ అయితే, ఇచ్చిన గడువులో బాగుచెయ్యకపోయినా, చేసింది నచ్చకపోయినా, 30 రోజుల్లో ఆ కంపెనీ అప్పిలేట్ అథారిటీకి అప్పీలు చెయ్యొచ్చు, డబ్బులు కట్టక్కర్లేదు. టెలికాం కంపెనీల మీద నియంత్రణ ఉండే ట్రాయ్ నిబంధన ప్రకారం వాళ్ళు 39 రోజుల్లో తేల్చాలి. అక్కడా కాకపోతే కేంద్ర ప్రభుత్వ ప్రజాఫిర్యాదుల పోర్టల్లో టెలికాం శాఖ కింద పెట్టొచ్చు. 2023 జనవరి నుంచి కనీసం 2 ఎంబీపీఎస్ డౌన్‌లోడ్ ఉంటేనే బ్రాడ్‌బ్యాండ్ అన్నది కేంద్రం నిర్వచనం. అది చాలా తక్కువే, అయినా రాత్రిపూట అంతకన్నా కిందకి పడిపోతున్న ఊళ్ళు ఉంటే ఆ మాట ఫిర్యాదులో రాయండి.

బాగుచెయ్యడానికి మనిషి వచ్చినప్పుడు అతను వెళ్ళిపోకముందే ల్యాన్ వైరుతో ఒకసారి స్పీడు చూడండి, బాక్సు పేజీ తెరిచి కొత్త డీబీఎం అంకె అతని ముందే ఫొటో తియ్యండి, ఎక్కడ ఏం మార్చాడో అడిగి తేదీతో సహా అదే కాగితం మీద రాసుకోండి.